పాత యజమాని ఫాస్టాగ్‌తో నాగపూర్ దాకానా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. హనుమకొండలో ఉంటాం. ఇటీవల తోటి ఉపాధ్యాయుడి దగ్గర ఆయన కారు కొన్నాను. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. ముందు అద్దం మీదున్న ఫాస్టాగ్ మాత్రం ఆయనదే. ‘దాన్ని మార్చడమెందుకు మేడం, కారు నంబరు కొట్టి మీరే రీచార్జ్ చేసుకోండి’ అన్నారు. హైదరాబాద్‌కు అలాగే వెళ్ళి వస్తున్నాం. ఇప్పుడు నాగపూర్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి, వీలైతే అక్కడి నుంచి షిర్డీకి కారులోనే వెళ్ళాలని ఉంది. ఇకపై నాగపూర్‌కు తరచూ వెళ్తుంటాం. నడిపేది నేనే. మావారు పక్క సీట్లో కూర్చుని సలహాలు చెబుతారు. మహారాష్ట్రకు వేరే ట్యాగ్ కావాలని మా మరిది అంటున్నాడు. ఏడాది పాస్ తీసుకుంటే దేశంలో ఎక్కడా టోల్ ఉండదని పక్కింటివాళ్ళు చెబుతున్నారు. అవన్నీ ఎందుకు, జేబులో నగదు ఉంటే చాలదా అని మావారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: టీచర్ గారూ, మీ మరిది మాట మొదట తేల్చేద్దాం, ఎందుకంటే అది ఒక్క నిమిషం పని. ఫాస్టాగ్‌కు రాష్ట్రం లేదు. ఏ బ్యాంకు ఇచ్చినా, ఎక్కడ తీసుకున్నా, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే ఒకే వ్యవస్థలో అది నమోదవుతుంది. మీ హైదరాబాద్ దారిలోని కోమల్ల టోల్ దగ్గర చదివే ట్యాగ్‌నే నాగపూర్ దగ్గరా చదువుతారు. మహారాష్ట్రకని రెండో ట్యాగ్ తీసుకోవడం అనవసరమే కాదు, కుదరదు కూడా. ఒక వాహనానికి ఒకే ట్యాగ్ అనే నిబంధన 2024 నుంచి గట్టిగా అమలవుతోంది.

మీరు అడగని ప్రశ్నే ఇక్కడ అసలు ప్రశ్న. ట్యాగ్ ఏ రాష్ట్రానిదన్నది కాదు, ఎవరిదన్నది చూడాలి. మీ కారు మీదున్నది మీది కాదు.

ఇల్లు కొనుక్కుని, కరెంటు మీటరు పాత యజమాని పేరు మీదే ఉంచి బిల్లు కడుతూ పోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఏ గొడవా రానంత కాలం బాగానే ఉంటుంది. కారు నంబరు కొట్టి ఎవరైనా రీచార్జ్ చేయవచ్చు, నిజమే. కానీ ఆ డబ్బు వెళ్ళి పడేది మీ సహోద్యోగి ఖాతాలో. టోల్ కట్ అయిన ప్రతిసారీ సందేశం వెళ్ళేది ఆయన ఫోనుకు. మీరు ఏ రోజు ఏ వేళకు గూడూరు టోల్ దాటారో ఆయనకు తెలుస్తుంది, ఎంత కట్ అయిందో మీకు తెలియదు. ఒక టోల్ దగ్గర రెండుసార్లు కట్ అయిందనుకోండి. మీరు బ్యాంకుకు ఫోను చేస్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న రిజిస్టరైన మొబైల్ నంబరు. అక్కడితో మీ ఫిర్యాదు ముగుస్తుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. బ్యాంకు ఆయనను కేవైసీ పత్రాలు, అంటే గుర్తింపు పత్రాలు, మళ్ళీ ఇమ్మని అడగవచ్చు. కారే అమ్మేశాక ఆయన ఆ సందేశాలు ఎందుకు చదువుతారు? కొన్నాళ్ళకు ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లోకి వెళ్తుంది, అంటే పనిచేయడం ఆగిపోతుంది. లేదా ఆయనే కొత్త కారు కొనుక్కుని, పాత ఖాతా ఎందుకులే అని ఒక రోజు మూసేస్తారు. ఆయన మంచివారే కావచ్చు, ఇందులో ఆయన దోషమేమీ లేదు. ఈ విషయం మీకు తెలిసేది మాత్రం నాగపూర్ దారిలో వాంకిడి టోల్ దగ్గర, వెనక లారీలు హారన్ కొడుతుండగా. హైదరాబాద్ దారిలో ఇలా జరిగితే ఒక ఫోనుతో సర్దుకోవచ్చు. ఊరుగాని ఊరికి పోయే దారిలో, ఆయన ఫోను ఎత్తకపోతే, మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ ట్యాగ్ పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ఇచ్చినదైతే ఇంత చర్చే అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఆదేశాల వల్ల 2024 మార్చి 15 తర్వాత వాటిలో డబ్బు వేయడానికి వీల్లేదు. మీరు రీచార్జ్ చేయగలుగుతున్నారంటే వేరే బ్యాంకుదే అయ్యుంటుంది. ఏ బ్యాంకుదో ట్యాగ్ మీద రాసి ఉంటుంది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ఫాస్టాగ్ స్థితి చూసే పేజీలో మీ కారు నంబరు కొట్టినా బ్యాంకు పేరూ, ట్యాగ్ పనిచేస్తోందా లేదా అన్నదీ కనిపిస్తాయి. ఈ పని ఈ రోజే చేయండి.

మార్చుకోవడం మీరనుకునేంత కష్టం కాదు. కాకపోతే వరుస తప్పకూడదు. ట్యాగ్‌ను పాత యజమాని నుంచి మీ పేరు మీదికి బదిలీ చేసే పద్ధతి లేదు. పాతది మూయాలి, కొత్తది తీసుకోవాలి. మూసే అధికారం ఆయనకే ఉంది. ముందు ఇప్పుడున్న నిల్వను వీలైనంత వాడేయండి, కొత్తగా వేయకండి. తర్వాత ఆయన తన బ్యాంకు యాప్‌లో గానీ కస్టమర్ కేర్‌కు తన నంబరు నుంచి ఫోను చేసి గానీ కారు అమ్మేశానని చెప్పి మూయించాలి. అలా మూస్తే ట్యాగ్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్టూ, మిగిలిన నిల్వా ఆయనకే తిరిగి వస్తాయి. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి. డబ్బు వచ్చే పనైతే ఎవరూ రేపటికి వాయిదా వేయరు. పైగా మీ ప్రయాణాలన్నీ ఆయన కేవైసీ మీద నమోదవుతున్నాయి కాబట్టి ఇది తేలడం ఆయనకూ మంచిదే.

పాతది మూతపడిందని ఆ వెబ్‌సైట్‌లో కనిపించాకే కొత్తదానికి వెళ్ళండి. ముందే తొందరపడితే ఈ నంబరుకు ట్యాగ్ ఉందంటూ కొత్త బ్యాంకు తిప్పి పంపుతుంది. కొత్తది మీ పింఛను పడే బ్యాంకులోనే తీసుకుంటే సుఖం. ఆర్‌సీ, ఆధార్, పాన్, నంబరు ప్లేటు కనిపించేలా కారు ముందు భాగం ఫొటో దగ్గర పెట్టుకోండి. ట్యాగ్ ధర వంద రూపాయలకు మించదు. దానిపైన కారుకు సాధారణంగా రెండు వందల డిపాజిట్, మొదటి రీచార్జ్. బ్యాంకును బట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది. కొరియర్‌లో తెప్పించుకుంటే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఈ పని మొదలుపెట్టండి.

టోల్‌గేట్ల పక్కన గొడుగు వేసుకుని కూర్చుని అయిదు నిమిషాల్లో ట్యాగ్ ఇస్తామనే వాళ్ళ దగ్గర తీసుకోవాల్సి వస్తే ఒక్క విషయం చూడండి. ఓటీపీ మీ ఫోనుకే రావాలి. పని తొందరగా అవుతుందని కొందరు ఏజెంట్లు తమ నంబరే నమోదు చేసేస్తారు. అప్పుడు మీరు మళ్ళీ పరాయి ట్యాగ్‌తోనే తిరుగుతుంటారు, ఈసారి ముఖం కూడా తెలియని మనిషిది. అలాగే వాహన తరగతి కారు, జీపు, వ్యాన్ అని, అంటే నాలుగో తరగతి అని నమోదైందో లేదో చూసుకోండి. పొరపాటున సరుకు వాహనంగా నమోదైతే ప్రతి టోల్ దగ్గరా ఎక్కువే కట్ అవుతుంది.

పాత ట్యాగ్‌ను గీకి తీసేసి, అద్దం శుభ్రంగా తుడిచి, కొత్తదాన్ని లోపలి వైపు, వెనక చూసే అద్దం వెనకాల పైభాగంలో అంటించండి. ఒకసారి అంటించాక ఊడదీస్తే పాడవుతుంది. అందుకని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని టోల్ దగ్గర చేత్తో పట్టుకుని చూపిస్తామనుకోకండి. అలా అంటించని ట్యాగులను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ఆదేశించింది.

కొత్త ట్యాగ్ వచ్చాక మీకు ఫోన్లు రావచ్చు. వాహనం కేవైసీ పెండింగ్‌లో ఉంది, ఈ లింకు నొక్కండి, లేకపోతే ట్యాగ్ ఆగిపోతుంది అని. నొక్కకండి. 2026 ఫిబ్రవరి 1 నుంచి జారీ చేసే కార్ల ట్యాగులకు వాహన వివరాలను బ్యాంకే ముందుగా వాహన్ రికార్డుతో, అంటే ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ల రికార్డుతో సరిచూసి ఆ తర్వాతే ట్యాగ్‌ను పనిలోకి తెస్తుంది. కారు యజమాని విడిగా ఫొటోలు పంపే కేవైవీ (వాహనం గుర్తింపు తనిఖీ) తంతును కార్లకు తీసేశారు. ఏ అనుమానం ఉన్నా బ్యాంకు యాప్ తెరిచి చూడండి. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకడం మాత్రం వద్దు, అక్కడ దొంగ నంబర్లు పైనే ఉంటాయి.

ఇక మీవారి నగదు సంగతి. జేబులో కొంత నగదు ఉంచుకోమనండి, కాఫీకీ పంక్చర్‌కూ పనికొస్తుంది. టోల్‌కు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. 2021 ఫిబ్రవరి నుంచే ట్యాగ్ లేని వాహనం రెట్టింపు కట్టాల్సి వచ్చింది. 2025 నవంబరు 15న కొంత వెసులుబాటు ఇచ్చారు. జాతీయ రహదారి టోల్ దగ్గర ట్యాగ్ లేకపోయినా, పనిచేయకపోయినా యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు, నగదైతే రెట్టింపు అని అప్పుడు పెట్టారు. అంటే ట్యాగ్‌తో వంద పడే చోట యూపీఐకి 125, నోట్లకు 200. కాబట్టి ట్యాగ్ మొరాయించిన పూట మీవారు పర్సు తీయబోతే ఆపి, ఫోను తీయమనండి.

దీనికి తిరుగు వైపు కూడా ఉంది, దాని గురించి టోల్ సిబ్బంది వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మీ ట్యాగ్ సరిగ్గా అంటించి, నిల్వ ఉండి, బ్లాక్‌లిస్ట్‌లో లేకుండా ఉన్నప్పుడు వాళ్ళ యంత్రమే చెడిపోయి చదవలేకపోతే, డబ్బు తీసుకోకుండా సున్నా రసీదు ఇచ్చి పంపాలి. 2018 నుంచి నిబంధన ఇది. గొంతు పెంచకుండా అడగండి, యాప్‌లో నిల్వ చూపించండి, వినకపోతే అక్కడే నిలబడి 1033కు ఫోను చేయండి. జాతీయ రహదారుల మీద ఏ రాష్ట్రంలోనైనా పనిచేసే నంబరు అది. కారు ఆగిపోయినా, ప్రమాదం జరిగినా దానికే చేయాలి. మళ్ళీ చెబుతున్నాను, ఈ హక్కు సరైన ట్యాగ్ ఉన్నవాళ్ళకే. ఆ ఖాతా మీది కాకపోతే నిల్వ ఎలా చూపిస్తారు?

రీచార్జ్ బయలుదేరే ముందు రోజు రాత్రే చేసుకోండి. టోల్ వరుసలో నిలబడి చేస్తే ఆ డబ్బు వ్యవస్థలో కనిపించేలోపే మీ వంతు వచ్చేయవచ్చు.

పక్కింటివాళ్ళు చెప్పిన ఏడాది పాస్‌లో సగం నిజం ఉంది. 2025 ఆగస్టు 15న ఇది మొదలైంది. అప్పటి ధర 3,000 రూపాయలు. మీరు కొనే రోజు ఎంతో జాతీయ రహదారుల సంస్థ వారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో కనిపిస్తుంది, అక్కడ గానీ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ కొనాలి. సొంత కార్లకు మాత్రమే ఇస్తారు. ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. ఒక టోల్ ఒకసారి దాటితే ఒకటి, తిరుగు ప్రయాణంలో అదే టోల్ దాటితే రెండోది. దేశమంతా చెల్లుతుందన్నది నిజమే, కానీ జాతీయ రహదారుల మీద, జాతీయ ఎక్స్‌ప్రెస్ వేల మీద మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వాల రోడ్ల మీద చెల్లదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదా చెల్లదు.

మన ప్రాంతంలో ఈ తేడా గట్టిగా తగిలేది రాజీవ్ రహదారి మీద. చూడటానికి జాతీయ రహదారిలాగే ఉంటుంది కానీ అది రాష్ట్ర రహదారి. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ టోళ్ళలో పాస్ ఉన్నా మామూలు రేటే కట్టాలి. మీరు కరీంనగర్, పెద్దపల్లి మీదుగా మంచిర్యాల వెళ్తే బసంత్‌నగర్ తగులుతుంది. మంచిర్యాల దాటాక 363వ నంబరు జాతీయ రహదారి. అక్కడి మందమర్రి, వాంకిడి టోళ్ళకు పాస్ వర్తిస్తుంది. చంద్రాపూర్, వరోరా మీదుగా జామ్ దగ్గర 44వ నంబరు రహదారి ఎక్కాక నాగపూర్ ముందు బోర్‌ఖేడి వస్తుంది, అదీ వర్తించేదే. రెండో దారి జగిత్యాల మీదుగా నిర్మల్ చేరి 44 మీద నేరుగా పోవడం. అప్పుడు రోల్‌మామడ, ఆదిలాబాద్ దాటాక పిప్పర్‌వాడ, పెన్‌గంగ అవతల కేలాపూర్, దరోడా, ఆపై బోర్‌ఖేడి. ఈ దారిలో టోళ్ళు ఎక్కువ, పాస్‌కు పని ఎక్కువ. ఒంటరిగా స్టీరింగ్ పట్టుకునే మీలాంటివారికి నేనైతే ఈ రెండో దారే చెబుతాను. కాస్త చుట్టయినా నిర్మల్ దాటాక నాలుగు వరసల రోడ్డు తిన్నగా ఉంటుంది, ఊళ్ళ మధ్య నుంచి పోయే బెడద తక్కువ.

పాస్ తీసుకోవాలా వద్దా అన్నదానికి ఒక కాగితం, పెన్ను చాలు. అదే యాప్‌లో మీ దారి పెట్టి, పాస్ వర్తించే టోళ్ళ మొత్తం ఒకవైపు ఎంతో కూడండి. ఉదాహరణకు 300 వచ్చిందనుకుందాం. రానూపోనూ 600. అయిదుసార్లు వెళ్ళొస్తే 3,000 అయిపోతుంది, ఆరోసారి నుంచి లాభం. దీనికి మీ హైదరాబాద్ ప్రయాణాలు కలపండి. కోమల్ల, గూడూరు రెండూ 163వ నంబరు జాతీయ రహదారి మీదివే కాబట్టి అక్కడా పాస్ చెల్లుతుంది. తరచూ నాగపూర్ వెళ్తామంటున్నారు, హైదరాబాద్ ఎలాగూ తప్పదు. లెక్క పాస్ వైపే మొగ్గుతుందని నా అంచనా. ఏడాదికి ఒక్కసారి వెళ్ళొచ్చే కుటుంబమైతే వద్దనే చెప్పేవాణ్ని.

అయితే పాస్ కూర్చునేది ట్యాగ్ మీదే. దాన్ని మరో వాహనానికి మార్చడం కుదరదు. ఇప్పుడున్న పాత ట్యాగ్ మీద కొన్నారంటే పరాయి ఖాతాకు పాస్ డబ్బంతా అంటగట్టినట్టే. కొత్త ట్యాగ్ చేతికొచ్చి, అంటించి, కోమల్ల దగ్గర ఒకసారి సజావుగా పనిచేశాక అప్పుడు కొనండి. పాస్ డబ్బు ఫాస్టాగ్ నిల్వలోంచి పోదు, విడిగా యూపీఐతోనో కార్డుతోనో కట్టాలి. సాధారణంగా రెండు గంటల్లో మొదలవుతుంది. పాస్ ఉన్నా నిల్వలో డబ్బు ఉంచాలి, బసంత్‌నగర్ లాంటి చోట్ల కట్ అయ్యేది అందులోంచే.

షిర్డీకి వెళ్తే ఆ నిల్వ బాగా కావాలి. నాగపూర్ నుంచి షిర్డీకి సమృద్ధి మహామార్గ్ ఉంది, దాదాపు 520 కిలోమీటర్లు. అది మహారాష్ట్ర రాష్ట్ర సంస్థ కట్టిన రోడ్డు, ఏడాది పాస్ చెల్లదు. అక్కడ మధ్యలో గేట్లుండవు. ఎక్కిన చోట నమోదై, దిగే చోట దూరాన్ని బట్టి మొత్తం ఒకేసారి కట్ అవుతుంది. షిర్డీ దాకా కారుకు ఒకవైపే వెయ్యి దాటుతుంది. ట్యాగ్‌లో రెండు వందలు పెట్టుకుని ఎక్కి, దిగే చోట వెతుక్కునేవాళ్ళు అక్కడ కనిపిస్తుంటారు. ఎక్కే ముందు టైర్లలో గాలి, వాటి వయసు తప్పక చూపించుకోండి. పాత కారు కాబట్టి మరీ ముఖ్యం. తిన్నగా, ఖాళీగా, గంటల తరబడి ఒకే వేగంతో పోయే ఆ రోడ్డు మీద టైర్లు పేలడం, డ్రైవరు కునికిపాట్లు పడటం ఎక్కువగా వినిపించే కథలు. ప్రతి గంటన్నరకూ ఆగండి. మీవారి సలహాలు అక్కడ నిజంగానే పనికొస్తాయి, మాట్లాడుతూ ఉండమనండి.

సొంత కారుకు మహారాష్ట్రలో పర్మిట్ అక్కర్లేదు. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, మీ లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే చాలు. ఆర్‌సీ మారినా బీమా పాత యజమాని పేరు మీదే ఉండిపోవడం చాలామంది విషయంలో జరుగుతుంది, ఫాస్టాగ్‌తో పాటు అదీ సరిచూసుకోండి.

మీ ఉత్తరం చదువుతుంటే కారును కొన్నాళ్ళు అమ్మాయి దగ్గరే వదిలే ఆలోచన కూడా ఉండవచ్చనిపించింది. అలా అయితే పన్నెండు నెలల గడువు గుర్తుంచుకోండి. అంతకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, దానికి ఇక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. 2026 జనవరిలో సవరించిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు మీద టోల్ బకాయి ఉంటే ఆ ఎన్‌వోసీ ఇవ్వరు. పాత యజమాని కాలం నాటి బకాయి ఏదైనా ఉందేమో ట్యాగ్ మూయించేటప్పుడే అడిగి తేల్చుకోండి. నంబరు మహారాష్ట్రది అయ్యాక ట్యాగ్‌లోనూ వాహనం నంబరు మార్పించాలి. అది మీ పేరు మీద ఉంటే, మార్చమని అడగాల్సింది మీ బ్యాంకునే.